క్రిస్మస్ ఖర్చుకి మీ ఇంట్లో హద్దు ఎలా పెట్టుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నలుగురం, సంపాదన ఒక్కరిదే. నిరుడు క్రిస్మస్ ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పెట్టేసి, నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం కడుతూ వచ్చాం. కట్టినదాంట్లో చాలావరకు వడ్డీకే పోయింది, అసలు పెద్దగా తరగలేదు. చివరికి మిగతాదంతా కట్టి బాకీ తీర్చేసరికి ఆగస్టు వచ్చింది.

మొన్న పాత స్టేట్‌మెంట్ తీసి లెక్క రాశాను. కానుకలకే ఎక్కువ అయిందనుకున్నా, కాదట. ప్రయాణం టికెట్లు, బట్టలు, ఆఖరి వారంలో "ఇదొక్కటే కదా" అనుకుంటూ కొన్న చిన్నాచితకా కలిపితే కానుకలకి రెట్టింపు తేలింది. (ప్యాకింగ్ కాగితాలకి అంత తగలేశానని నాకే తెలీదు!)

అందుకే మొత్తాన్ని 12తో భాగించి, జనవరి నుంచే నెలనెలా పక్కన పెడదామని ఆలోచన. కానీ మధ్యలో ఏదో అవసరం వస్తుంది, చెయ్యి ఆ డబ్బు మీదకే పోతుంది. విడిగా ఖాతా తెరిస్తే ఆగుతుందా? మీకేం పనిచేసింది?

అసలు ఇబ్బంది మాత్రం బంధువులతో. పేర్లతో చీటీలు తీసి, ఒక్కొక్కరం ఒక్కరికే కానుక ఇద్దామని అడగాలని ఉంది. మా ఆయన సరే అన్నారు గానీ, అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారేమోనని నోరు రావట్లేదు. పిల్లల్ని ఇందులోంచి మినహాయించాలా? ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పి ఒప్పించినవాళ్ళుంటే, ఎలా మొదలుపెట్టారో కాస్త చెప్పండి.