నాలుగు రోజులు నిలిపితే కారు బ్యాటరీ దిగిపోతోంది: కారణం పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
అందరికీ నమస్కారం. నేను ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను కాబట్టి కారు వారమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంటుంది. కొంతకాలంగా మూడు నాలుగు రోజులు కదపకపోతే, తాళం తిప్పినప్పుడు టకటకమనే చప్పుడు తప్ప ఇంజన్ తిరగడం లేదు. పక్క ఫ్లాట్ వారి కారు నుంచి జంపర్ కేబుల్ వేస్తే వెంటనే స్టార్ట్ అవుతోంది. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, ఇంకా ఏడాది నిండలేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల దగ్గర 14.2 వోల్టులు ఉంటోంది. దుకాణంవారు కొత్త బ్యాటరీ వేయించుకోమంటున్నారు. ఆ ఖర్చు పెట్టేముందు కరెంటు ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలనుకుంటున్నాను. బయట పెట్టించిన స్టీరియో, డిక్కీలో ఆంప్లిఫయర్, రివర్స్ కెమెరా ఉన్నాయి.

జవాబు 1:
బ్యాటరీ ఇప్పుడే కొనకండి. కరెంటు లాగేసేది బండిలోనే ఉంటే కొత్తదీ అలాగే పాడవుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ (కరెంటు, వోల్టులు కొలిచే మీటర్) చాలు, అయితే దానికి 10 ఆంపియర్ల సాకెట్ తప్పక ఉండాలి. నెగటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మధ్య మీటర్ పెట్టండి. డ్యాష్‌బోర్డ్ కింది ఫ్యూజ్ బాక్స్ అందాలంటే డోర్ తెరిచి ఉంచాలి. అందుకని డోర్ లాక్ గొళ్లేన్ని ముందుగానే స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కేయండి, లేకపోతే లోపలి దీపం వెలుగుతూనే ఉంటుంది. మీటర్ పెట్టిన వెంటనే కనిపించే అంకెను నమ్మవద్దు. కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకోవడానికి కొన్ని కార్లలో అరగంట పైనే పడుతుంది. ఆ తరువాత 50 మిల్లీ ఆంపియర్ల (0.05 ఆంపియర్ల) లోపు నిలిస్తే సాధారణమే. మీటర్ పెట్టి ఉండగా మాత్రం బండి స్టార్ట్ చేయకండి. స్టార్టర్ లాగే కరెంటుకు మీటర్‌లోని ఫ్యూజ్ పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ముప్పావుగంట ఆగి చూశాను, 0.4 ఆంపియర్ల దగ్గర నిలిచిపోయింది. డ్యాష్‌బోర్డ్ కిందివీ బానెట్ కిందివీ ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీసి చూసినా అంకె దాదాపు కదలలేదు.

జవాబు 2:
0.4 ఆంపియర్లంటే రోజుకు 9.6 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు దాదాపు 29. మీ బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో ఈ లెక్కే చెబుతోంది. ఏ ఫ్యూజ్ తీసినా తగ్గలేదంటే, ఆ కరెంటు మీరు తీసిన ఫ్యూజుల గుండా పోవడం లేదన్నమాట. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ లీకయినా ఇలాగే కనిపిస్తుంది. కానీ మీ బండిలో నాకు ముందుగా అనుమానం వచ్చేది ఆంప్లిఫయర్ మీదనే, ఎందుకంటే దానికి బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా ఒక లావుపాటి వైరు వేసి, బ్యాటరీ పక్కనే విడిగా ఒక ఫ్యూజ్ పెడతారు. ఆ ఫ్యూజ్ తీసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, బ్యాటరీ కనెక్షన్ పూర్తిగా తొలగించాకే ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు వైరు విప్పి, విప్పిన కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టి, మళ్లీ కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
ఆంప్లిఫయర్ ఫ్యూజ్ తీయగానే 0.03కు పడిపోయింది. తాళం తీసేసిన తరువాత కూడా ఆంప్లిఫయర్ మీద చిన్న దీపం వెలుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

జవాబు 2:
అయితే రిమోట్ వైరును ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు కలిపి ఉంటారు. ఆంప్లిఫయర్‌ను ఎప్పుడు మేల్కొనాలో, ఎప్పుడు ఆగాలో ఆదేశించేది ఆ సన్నటి వైరే. స్టీరియో వెనుక సాధారణంగా నీలం మీద తెల్ల చారతో ఉండే వైరుకు దాన్ని కలిపిస్తే, స్టీరియో ఆగగానే ఆంప్లిఫయర్ కూడా ఆగుతుంది. ఆంప్లిఫయర్‌ను పారేయనవసరం లేదు.

జవాబు 1:
వైరు సరిచేయించాక బ్యాటరీని ఛార్జర్ మీద రాత్రంతా పెట్టించండి, ఊళ్లో కాసేపు తిప్పితే నిండదు. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక 12.6 వోల్టుల దగ్గర నిలిస్తే ఆశ ఉన్నట్టే. అయితే లెడ్ ఆసిడ్ బ్యాటరీ పలుమార్లు పూర్తిగా దిగిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి, లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినప్పుడు బ్యాటరీ నిలబడుతుందో లేదో చూసే పరీక్ష) కూడా చేయించుకుని ఆ తరువాతే కొనాలో వద్దో నిర్ణయించుకోండి.