1978 నాటి డార్త్ వేడర్ బొమ్మ: లైట్‌సేబర్, కేప్ అసలువో కావో ఎలా గుర్తించాలి?

స్టార్ వార్స్ సినిమాల ప్రతినాయకుడు డార్త్ వేడర్ బొమ్మలు వివిధ కాలాల్లో వచ్చినవాటిని ఎంతో ఇష్టంగా సేకరిస్తున్నాను. హాస్‌బ్రో బ్లాక్ సిరీస్‌లోని ఆరంగుళాల బొమ్మ, లెగో బొమ్మ ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. అయితే వీటన్నిటికీ పెద్దన్న అనదగిన, కెన్నర్ సంస్థ 1978లో విడుదల చేసిన మూడుముప్పావు అంగుళాల శ్రేణిలోని బొమ్మ ఇటీవల ఒక విక్రేత దగ్గర కనిపించింది. కాలి వెనుక 1977 అనే కాపీరైట్ సంవత్సరం, హాంకాంగ్ అనే పేరు అచ్చుపోసి ఉన్నందున బొమ్మ అసలుదేనని నమ్ముతున్నాను. కానీ కుడిచేతిలోంచి ముందుకు జరిగే ఎర్రని లైట్‌సేబర్ (కాంతి ఖడ్గం), నల్లని వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) కేప్ (భుజాల మీంచి వేలాడే పైవస్త్రం) మాత్రం నిన్న తయారైనట్లు మెరుస్తున్నాయి. ఇవి తేలికగా ఊడిపోయే భాగాలు కావడంతో వీటి నకళ్లు బజారులో విరివిగా దొరుకుతున్నాయి. లైట్‌సేబర్ కొన, కేప్ అంచులు, చేతులు దూర్చే రంధ్రాలు, వీటిలో దేన్ని చూసి అసలును పోల్చుకోవాలో, ఏ భాగాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపమని విక్రేతను అడగాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.