అప్‌డేట్: తెల్లవార్లూ నడిచినా జవాబివ్వని శాట్ సాల్వర్ సమస్య తీరింది

విశాఖపట్నంలో మా విభాగపు ప్రయోగ పరీక్షలకు గదులు సర్దే నిబంధనలను తార్కిక సూత్రంగా రాసి క్యాడికల్‌కు (నిబంధనలన్నీ ఒకేసారి తీరతాయో లేదో తేల్చే ప్రోగ్రామ్, అంటే శాట్ సాల్వర్) ఇస్తే, అది తెల్లవార్లూ నడిచినా తేలడం లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. స్పందించిన వారందరికీ కృతజ్ఞతలు.

ఒకే సమయంలో జరగవలసిన 15 పరీక్షలకు మా దగ్గర 14 గదులే ఉన్నాయని, గూళ్ల కన్నా పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూటిలో రెండు పడక తప్పదనే పావురాల గూళ్ల సూత్రమే ఇదని మా గైడుగారు చూడగానే చెప్పారు (అంత సులువైన లెక్క నాకు తట్టకపోవడం సిగ్గుచేటే). ఆ సూత్రానికి రిజల్యూషన్ (రెండు నిబంధనలను కలిపి కొత్త నిబంధన రాబట్టే పద్ధతి) నిరూపణల పరిమాణం ఘాతీయంగా పెరుగుతుందని 1985లోనే ఆర్మిన్ హాకెన్ అనే పరిశోధకుడు నిరూపించారు. సాల్వర్ నడుస్తూ నేర్చుకునే క్లాజులు (కొత్త నిబంధనలు) కూడా ఆ పద్ధతిలోనివే కనుక, మెమరీ పెంచినా, యాదృచ్ఛిక ఎంపికల సీడ్ మార్చినా, మినీశాట్ అనే మరో సాల్వర్‌కు మారినా ప్రయోజనం లేకపోయింది.

గదులన్నీ ఒకే రకమైనవి కాబట్టి, వాటిని తారుమారు చేసినా తేడా రాని సౌష్ఠవాన్ని తొలగించమన్న మీ సూచనే ఫలించింది: మొదటి పరీక్ష మొదటి గదిలోనే, రెండవది మొదటి రెండింటిలోనే అంటూ వరుసగా నిబంధనలు చేర్చగానే, వెతుకులాట అవసరమే లేకుండా యూనిట్ ప్రొపగేషన్‌తోనే (ఒకే అవకాశం మిగిలిన చోట దాన్నే ఖాయం చేస్తూ పోవడం) "అసాధ్యం" అని తేలింది. ఒక పరీక్షను మధ్యాహ్నానికి మార్చాక పట్టిక కుదిరింది.