రామ్ కుమార్ పెయింటింగ్‌లో ల్యాండ్‌స్కేప్ ఎక్కడుంది? బెంగళూరు ఎన్‌జీఎంఏ చూసినవాళ్లు చెప్పండి

కదిరి_కుర్రోడు: మా నాన్న ఊరి నుంచి వచ్చినారు, లాల్‌బాగ్ అదీ ఇదీ చూపించేశాక ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌కి తీసుకెళ్లా, అదే ఎన్‌జీఎంఏ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, గవర్నమెంటుది. అక్కడ రామ్ కుమార్‌ది ఒక ఆయిల్ పెయింటింగ్. లేబుల్ మీద ల్యాండ్‌స్కేప్ అనుంది, చూస్తే చెట్టు లేదు కొండ లేదు ఆకాశం కూడా లేదు, మట్టిరంగు ముక్కలు, బూడిదరంగు ముక్కలు, మధ్యలో అడ్డంగా ఒక నల్ల చార, అంతే. నాన్న చాలాసేపు నిలబడి చూసి "ఇదేంది నాయనా, పెచ్చులూడిన గోడ మాదిరి ఉండాది, దీన్ని గవర్నమెంటోళ్లు దుడ్డిచ్చి కొన్నారా" అన్నారు. నాకేం చెప్పాలో తెలీలేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఇందులో ఏం చూడాలి?

సిల్క్‌బోర్డ్_బాధితుడు: మీ నాన్నగారికి నా ఓటు 😂 మా ఆఫీసు లాబీలో ఇంతకంటే పెద్దదుంది, సోఫా కలర్‌కి మ్యాచింగ్ అని వేయించారు.

రంగులపిచ్చి: సోఫా పెయింటింగూ ఇదీ ఒకటి కాదు బ్రో. రామ్ కుమార్ 1924లో సిమ్లాలో పుట్టాడు, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఎకనామిక్స్ చదివి తర్వాత పారిస్ వెళ్లి ఆండ్రే లోట్, ఫెర్నాండ్ లెజే అనే ఫ్రెంచ్ పెయింటర్ల దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు, హిందీలో కథలు కూడా రాసేవాడు. 1950ల్లో వేసినవన్నీ మనుషులే, సిటీలో దిక్కుతోచక నిలబడ్డ మధ్యతరగతి జనం, దిగాలు మొహాలు. 1960లో పెయింటర్ ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లాడు, ఆ తర్వాత నుంచి మెల్లగా బొమ్మల్లో మనుషులు మాయం. నాకు ఇదే విచిత్రం, కాశీ అంటేనే జనం కదా, ఘాట్ల మీద కాలు పెట్టే సందుండదు, ఈయన మాత్రం ఆ జనాన్ని మొత్తం తీసేసి ఇళ్లు, మెట్లు, ఒడ్డు, నీళ్లు మిగిల్చాడు, పోనుపోను ఇళ్లూ మెట్లూ కూడా కరిగిపోయి రంగు ముక్కలయ్యాయి. గవర్నమెంటోళ్లు దుడ్డిచ్చి కొన్నారా అని మీ నాన్నగారు అడిగారు కదా, ఇందుకే, పాతదీ కొత్తదీ రెండూ ఒకేచోట ఉంటేనే ఈ మార్పు కనబడేది. ఒక్కోటీ ఒక్కో సేటు డ్రాయింగ్ రూమ్‌లో ఉంటే మనకెవరు చూపిస్తారు?

బ్రష్షు_బాబాయ్: పైవాళ్లు చెప్పింది కరెక్టే గానీ కథ తెలీకపోయినా చూడొచ్చు. ముందు కాస్త దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడండి, వివరాలు పోయి ముదురేదో లేతేదో తెలుస్తుంది. మట్టిరంగులు ముందుకొస్తున్నట్టు, బూడిద నీలాలు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది, ఆ దూరమే ల్యాండ్‌స్కేప్. మీరు చెప్పిన నల్ల చార బహుశా ఒడ్డు, లేకపోతే దిగంతం. తర్వాత దగ్గరికెళ్లి పక్కనుంచి చూడండి, రంగుని ప్యాలెట్ నైఫ్‌తో, అంటే రంగు పూసే చిన్న కత్తితో, లాగిన చోట అంచున చిన్న గట్టులా నిలబడుంటుంది, కొన్నిచోట్ల కింది పొర బయటికి కనిపిస్తుంది. ఫోన్ ఫొటోలో ఇదేదీ రాదు, ఫొటో చూసి జడ్జ్ చేసేవాళ్లతో నేను వాదించను. ఇంకోటి, ఇది ఫలానా ఘాట్, అది ఫలానా గుడి అని వెతక్కండి, ఆయన దాచి పెట్టిన పజిల్ కాదది.

కదిరి_కుర్రోడు: థాంక్స్ అందరికీ. ఈ కాశీ సంగతి నాన్నకి చదివి వినిపించా, "మీ అమ్మ కాశీలో వంకాయ ఇడ్సిపెట్టొచ్చింది, ఆయప్ప మనుషుల్నే ఇడ్సిపెట్టొచ్చినాడు" అన్నారు 😄 ఊరెళ్లే లోపు మళ్లీ చూడాలంటున్నారు. రేపు సోమవారం లీవ్ పెట్టా, పెయింటర్ ఎస్.హెచ్. రజా బొమ్మలు కూడా ఉంటాయా అక్కడ?

రంగులపిచ్చి: సోమవారం మూసేస్తారు, లీవ్ మార్చుకోండి. రజావి ఎన్‌జీఎంఏ కలెక్షన్‌లో ఉన్నాయి కానీ గోడల మీద బొమ్మలు మారుస్తుంటారు, ఒకసారి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.