ఫెయిర్‌వే వుడ్‌కి అడ్జస్టబుల్ స్లీవ్ అవసరమా, డబ్బు దండగా?

గోల్కొండ_స్లైస్:
అందరికీ నమస్తే. హ్యాండీక్యాప్ 20 దగ్గర తిరుగుతోంది, హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడతా, 3 వుడ్ (నేల మీంచి దూరం కొట్టే ఫెయిర్‌వే వుడ్ క్లబ్) మార్చాలి. షాపతనేమో అడ్జస్టబుల్ (కర్ర హెడ్‌లో దిగే చోట, తిప్పి కోణం మార్చుకునే స్లీవ్ ఉన్నది) తీస్కోండి సార్, స్లైస్ పడితే, అంటే బంతి కుడికి వంగిపోతుంటే, తిప్పుకోవచ్చు, 15 డిగ్రీలది 17కి పెడితే 5 వుడ్ కొనే పనే ఉండదు అంటున్నాడు. మా గ్రూప్‌లో ఒకాయన మాత్రం షాఫ్ట్ (క్లబ్ కర్ర) గ్లూతో అతికించిన మామూలుదే నయం, స్లీవ్ అంతా మార్కెటింగ్ అని కొట్టిపారేస్తున్నాడు. ఎవరి మాట వినాలి?

డాలస్_బాబాయ్:
మీ గ్రూప్ పెద్దాయన మాటే విను నాయనా. 15ని 17కి తిప్పితే లాఫ్ట్ (బంతికి తగిలే ఫేస్ వెనక్కి వాలిన కోణం) పెరుగుద్ది గానీ షాఫ్ట్ పొట్టిదవుద్దా? 3 వుడ్ దాదాపు 43 అంగుళాలుంటది, 5 వుడ్ అందులో అర అంగుళం అటూఇటూగా తక్కువ, హెడ్ కూడా చిన్నది, రఫ్‌లోంచి, అంటే పొడుగు గడ్డిలోంచి, లేపడానికి మనబోటోళ్ళకి పనికొచ్చేది ఆ తేడానే. ఇంకోటి, స్లీవ్, స్క్రూ బరువంతా హీల్ (హెడ్‌లో కర్ర దిగే పక్క) వైపు, పైన పడుద్ది, బంతి తేలిగ్గా లేవాలంటే బరువు కింద ఉండాలి కదా. 2022లో టేలర్‌మేడ్ స్టెల్త్ చూడు, ప్లస్ మోడల్‌కే స్లీవ్ పెట్టారు, మామూలు స్టెల్త్ ఫెయిర్‌వే అతికించిందే. సగటు ఆటగాడికని చేసిన దాంట్లో వాళ్ళే తీసేశారంటే ఇంక ఆలోచించుకో.

వైజాగ్_ఈస్ట్‌పాయింట్:
బాబాయ్ గారూ, ఒక్క కంపెనీని పట్టుకుని తీర్పు చెప్పేస్తే ఎలాగండీ? పింగ్ వాళ్ళు 2019లో జీ410 దగ్గర్నుంచి మామూలు ఫెయిర్‌వేలకి కూడా స్లీవ్ ఇస్తున్నారు, జీ430లో లాఫ్ట్ 1.5 డిగ్రీలు పైకీ కిందకీ జరుగుద్ది, మరి పింగ్ కొనేవాళ్ళంతా ప్రోలేనా? అసలు లాఫ్ట్ సంగతి పక్కన పెట్టండి, నాకు స్లీవ్‌తో నిజమైన ఉపయోగం షాఫ్ట్. షాఫ్ట్ మెత్తగా ఉందనిపిస్తే రెంచ్‌తో ఊడదీసి ఇంకోటి పెట్టుకుంటా, అతికించిన క్లబ్ అయితే వేడి చేసి లాగాలి, మన ఊళ్ళలో ఆ పని శుభ్రంగా చేసేవాడు దొరకాలంటే గగనం. కాకపోతే ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌లో పట్టదు, సెకండ్ హ్యాండ్‌లో షాఫ్ట్ కొనేవాళ్ళు అది చూస్కోండి.

గోల్కొండ_స్లైస్:
షాఫ్ట్ సరేనండీ, మరి స్లైస్ సంగతి? తిప్పితే తగ్గుద్దా తగ్గదా?

బంకర్_భాస్కరం:
కొంచెం తగ్గుద్ది, అయితే జనం తిప్పేది రివర్స్‌లో. చాలామంది దూరం కోసమని లాఫ్ట్ తగ్గిస్తారు, స్లీవ్‌లో లాఫ్ట్ తగ్గిస్తే క్లబ్ నేల మీద పెట్టినప్పుడు ఫేస్ ఓపెన్ అవుద్ది, అంటే ఉన్న స్లైస్‌కి మనమే ఎరువేసినట్టు. స్లైస్ ఉన్నోడు లాఫ్ట్ పెంచాలి, అప్పుడు ఫేస్ మూసుకుంటుంది. టైటిలిస్ట్ ష్యూర్‌ఫిట్‌లో రెండు రింగులుంటాయి, లాఫ్ట్‌నీ లై యాంగిల్‌నీ (కర్రకీ నేలకీ మధ్య కోణం) విడివిడిగా మార్చొచ్చు, మొత్తం 16 సెట్టింగులు, ఏ1 స్టాండర్డ్. అప్‌రైట్‌గా, అంటే కర్ర ఇంకాస్త నిటారుగా ఉండేలా, పెడితే బంతి కాస్త ఎడమకి మొగ్గుద్ది. స్వింగ్ బయట్నుంచి లోపలికి కోసేస్తుంటే మాత్రం ఏ రింగూ కాపాడదు.

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఇంకోటుంది. డ్రైవర్‌తో బంతిని టీ (చిన్న పుల్ల) మీద పెట్టి కొడతాం కాబట్టి దాని అడుగు ఎలా కూర్చున్నా పెద్ద తేడా రాదు, ఫెయిర్‌వే వుడ్‌ అలా కాదు, నేల మీంచి కొట్టాలి. లాఫ్ట్ తగ్గించి, తెరుచుకున్న ఫేస్‌ని చేత్తో తిన్నగా తిప్పి పట్టుకుంటే ముందు అంచు కిందకి దిగి నేలలో గుచ్చుకుంటుంది, పెంచి తిన్నగా పట్టుకుంటే అదే అంచు పైకి లేస్తుంది. ఏప్రిల్, మేలో మన దగ్గర గడ్డి పల్చబడి నేల గట్టిగా అయిపోయినప్పుడు ఆ లేచిన అంచు బంతి నడుముకి తగిలి నేలబారున పోయే షాట్లు పడతాయి. అందుకే ఏ లాఫ్ట్ కావాలో ఆ హెడ్డే కొను, స్లీవ్‌ని ఒక డిగ్రీ లోపు సర్దుబాటుకే వాడు.

డాలస్_బాబాయ్:
భాస్కరం చెప్పింది పాయింటే. ఒక డిగ్రీ కోసం అంత ఎక్స్‌ట్రా డబ్బు పెట్టాలా అన్నదే నా గొడవ.

వైజాగ్_ఈస్ట్‌పాయింట్:
రెండేళ్ళ పాత మోడల్ తీస్కుంటే ఆ ఎక్స్‌ట్రా ఎటో పోద్ది బాబాయ్ గారూ. పైగా 3 వుడ్‌కీ హైబ్రిడ్‌కీ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్య రకం క్లబ్) మధ్య యార్డులు సర్దడానికి ఆ ఒక్క డిగ్రీయే చాలాసార్లు సరిపోద్ది.

గోల్కొండ_స్లైస్:
అయితే 3 వుడ్ ఆలోచనే మానేసి 18 డిగ్రీల 5 వుడ్ తీస్కుంటా, స్లీవ్ ఉన్నదే, పాత మోడల్. ఇంకో డౌట్, ముందు తొమ్మిది హోల్స్‌లో స్లైస్ పడుతుంటే టీ బ్రేక్‌లో తిప్పుకోవచ్చా?

బంకర్_భాస్కరం:
వద్దు బాబూ! రౌండ్ మధ్యలో సెట్టింగ్ మార్చకూడదు, రూల్ 4.1ఎ. మార్చి ఆ క్లబ్‌తో ఒక్క షాట్ కొట్టావో డిస్‌క్వాలిఫై. మార్చేశాక గుర్తొస్తే షాట్ కొట్టకముందే పాత సెట్టింగ్‌కి తెచ్చెయ్, పెనాల్టీ పడదు. టోర్నమెంట్ రోజు రెంచ్ కార్లోనే వదిలెయ్.