మనిషిని ఇతర వానరాల నుండి వేరు చేసే అసలు లక్షణం ఏది?

జీవశాస్త్రం, మానవశాస్త్రం తెలిసినవారు ఒక సందేహం తీర్చగలరని ఆశిస్తున్నాను. చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్ వంటి తోకలేని వానరాల నుండి మనిషిని నిజంగా వేరు చేసేది ఏమిటి?

పనిముట్ల వాడకమే ఆ తేడా అని ఒకప్పుడు భావించేవారు. అయితే 1960లో టాంజానియాలోని గోంబేలో చింపాంజీలు రెమ్మల ఆకులు దూసి, ఆ పుల్లలను పుట్టల్లోకి దూర్చి చెదపురుగులను పట్టి తినడాన్ని చింపాంజీలపై పరిశోధన చేసిన జేన్ గూడాల్ గమనించిన తరువాత ఆ వాదన నిలవలేదు. శరీర నిర్మాణంలో తేడాలు స్పష్టమే. కానీ 1974లో ఇథియోపియాలో దొరికిన, సుమారు 32 లక్షల ఏళ్ల నాటి శిలాజ అస్థిపంజరం 'లూసీ'ని చూస్తే, ఆ ఆదిమ స్త్రీ రెండు కాళ్లపై నడిచినా, ఆమె మెదడు దాదాపు చింపాంజీ మెదడంతే ఉండేది. (మనకు 48కి బదులు 46 క్రోమోజోములు ఉండటానికి రెండు పూర్వ క్రోమోజోములు అతుక్కుపోవడమే కారణం కాబట్టి, దానిని నేను గొప్ప తేడాగా లెక్కించడం లేదు.)

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది సంస్కృతి. పశ్చిమ ఆఫ్రికాలోని కొన్ని గుంపుల్లో చింపాంజీ పిల్లలు పెద్దవాటిని చూస్తూ రాళ్లతో గట్టి కాయలు పగలగొట్టడం నేర్చుకుంటాయి; అయినా మనుషుల్లో వలె ఒక తరం కనిపెట్టినదానికి తరువాతి తరం మెరుగులు దిద్దుతూ పోవడం వాటిలో అంతగా కనిపించదు. దీనికి మూలం భాషా, ఉన్నదున్నట్లు అనుకరించే శక్తా, లేక అపరిచితులతో సైతం కలిసి పనిచేసే స్వభావమా? భాషే మూలమైతే, కాంజీ అనే బోనోబో వందలాది గుర్తుల అర్థాలను నేర్చుకోవడాన్ని ఎలా వివరించాలి? వీటిలో ఏది ముందు వచ్చిందో సూచించే శిలాజాలు, రాతి పనిముట్ల ఆధారాలు ఉంటే దయచేసి తెలుపగలరు.