ఈ వారం సమస్య: చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం మీరు పద్యంగా పూరించాల్సిన చివరి పాదం ఇది:

*చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె*

నిన్న పాత సీడీలు సర్దుతుంటే ఇంగ్లీషు పాటల బృందం బీటిల్స్ వాళ్ల 'ఆంథాలజీ 1' చేతికొచ్చింది. అట్ట నిండా చింపి అతికించినట్టు పాత ఫోటోలు. ఒక ఫోటోలో డ్రమ్మర్ తల ఉండాల్సిన చోట కాగితం చిరిగి, ఆ కంతలోంచి ఇంకో మనిషి మొహం చూస్తుంటుంది. దాన్ని అలా చూస్తూ ఉండగానే పాదం వచ్చేసింది. పేరొచ్చిన పాటగాళ్లు, వాళ్ల పాత జతగాళ్లు – ఈ విషయం మీదే పూరించాలి.

గోదారిగట్టు:
ఆ కంత ఎవరిదో తెలిసినవాణ్ణి, నేనే మొదలుపెడతాను.

*రెండు వత్సరమ్ములు తోడ రేయిఁబగలు*
*తాళ మెవ్వాఁడు వేసెనో, తలుపు మూసి*
*వానికే తాళ మిడిరయ్యొ, వాని మోము*
*చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె*

బీటిల్స్ పాత డ్రమ్మర్ పీట్ బెస్ట్ గురించి. 1960 ఆగస్టులో బృందం జర్మనీలోని హాంబర్గ్ బయల్దేరే ముందు చేరాడు. 1962 ఆగస్టు 16న తీసేశారు. మిగతా ముగ్గురూ ఎదురుగా నిలబడి చెప్పలేదు, మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ ఆఫీసుకి పిలిచి చెప్పాడు. అక్టోబరు 5న వాళ్ల మొదటి రికార్డు విడుదలైంది. డ్రమ్స్ దగ్గర రింగో స్టార్. కంతలోంచి చూసే మొహం ఆయనదే. పీట్ తర్వాత లివర్‌పూల్లో ప్రభుత్వ ఉపాధి శాఖలో ఇరవయ్యేళ్లు ఉద్యోగం చేసుకున్నాడు. 1995లో ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు అందులో పది పాటలకు డ్రమ్స్ ఆయనవే. డబ్బు అప్పుడొచ్చింది, అదీ మొహం చింపేసిన అట్టతో.

గణవిభజన:
తాళం శ్లేష బాగుంది గోదారిగట్టు గారూ. వాయించిన తాళం, తలుపుకి పడిన తాళం. ఈ వేదికలో ఇంత మంచి శ్లేష వచ్చి చాలా రోజులైంది. దాన్ని మీరే మూడో పాదంలో పాడుచేసుకున్నారు. తాళం 'వేస్తాం' గానీ 'ఇడతామా'? రెండుచోట్లా 'వేయు' ఉంటేనే ఆ శ్లేషకి ప్రాణం. ఇక ఆ 'అయ్యొ' గణం, అంటే అక్షరాల లెక్క, నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

గోదారిగట్టు:
'అయ్యొ' ఊరికే పెట్టలేదు. పీట్ వాళ్లమ్మ మోనా తన ఇంటి నేలమాళిగలో క్లబ్బు నడిపేది. 1959లో దాన్ని తెరిచిన రోజు పాడింది ఈ కుర్రాళ్లే. అన్నం పెట్టిన ఇంటి పిల్లాణ్ణి తీసేస్తే ఆ తల్లి 'అయ్యో' అనదా? అయినా గణవిభజన గారు నా పద్యానికి వంక పెట్టకుండా ఏ వారం గడిచింది గనక. దీపావళి సమస్యలో నా 'చెవుల – షెహనాయి' యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ పొత్తు) చెల్లదని రెండు రోజులు వాదించారు. అందరికీ గుర్తుండే ఉంటుంది.

గణవిభజన:
వాదించాను. మూడో రోజు చె–షె చెల్లుతుందని నేనే ఒప్పుకున్నాను, అదీ గుర్తుండాలి. తప్పు నాదైతే అన్నాను, ఇప్పుడు మీదైతే అంటున్నాను. ఇలా చూడండి:

*వానికే తాళమును వేయ, వాని మోము*

'అయ్యొ' పోయింది, 'ఇడు' పోయింది. ఆ తల్లి ఏడుపు చదివేవాడి గుండెలో పుడుతుంది, మనం రాయక్కర్లేదు.

గోదారిగట్టు:
…తీసుకున్నాను. ఇది మీదే, పద్యం కింద మీ పేరు కూడా వేస్తాను. దీపావళి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మువ్వలసవ్వడి:
నాది పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం మీద. సిడ్ బారెట్ ఆ బృందానికి మొదటి గొంతు, మొదటి కవి. 1968లో విడిపోయారు. 1975 జూన్ 5న ఆబీ రోడ్ స్టూడియోలో అతని మీద రాసిన పాటకే పని జరుగుతుంటే గుండుతో, కనుబొమలు కూడా గీసుకుని, లావైపోయిన మనిషి ఒకడు లోపలికొచ్చాడు. ఎవరో అనుకున్నారు. కాసేపటికి తెలిసింది, సిడ్ అని.

*గుండు గీయించుకొని వచ్చి గదినిఁ జేరి*
*నిలిచె నొకనాఁటి నేస్తమ్ము నీడ వోలె;*
*వాని నెఱుఁగక పాడిరి వాని పాట*
*చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె*

గణవిభజన:
అమ్మా, మూడో పాదం చదివి రెండు నిమిషాలు కదల్లేకపోయాను. కానీ మొదటి పాదంలో గు–గ. యతి జారింది.

మువ్వలసవ్వడి:
అయ్యో, నిజమే గురువుగారూ. 'గోడ చెంత' అంటే సరిపోతుందా? *గుండు గీయించుకొని వచ్చి గోడ చెంత.*

గణవిభజన:
సరిపోతుంది. గదిలో చేరడం కన్నా గోడ పక్కన నిలబడటమే బాగుంది. యతి మేలు చేసింది.

గోదారిగట్టు:
మూడో పాదం నాకూ నచ్చింది. అయితే వీళ్లని బీటిల్స్‌తో ఒకే గాటన కట్టకండి. 1970లో వచ్చిన సిడ్ సొంత రికార్డులు రెండింటికీ దగ్గరుండి సాయం చేసింది ఆ బృందంవాళ్లే. సిడ్ స్థానంలోకి వచ్చిన డేవిడ్ గిల్మర్ రెండింటికీ ప్రొడ్యూసర్‌గా కూర్చున్నాడు. తీసేయడం వేరు, చేతిలోంచి జారిపోవడం వేరు.

తాటాకు:
పటమంటే ఫోటో ఒక్కటేనా? బట్ట కూడా పటమే.

*చదువు రోజుల చెలికాని సదన మరసి*
*యటుకు లిచ్చెఁ గుచేలుండు; హరియె మెచ్చె;*
*భాగవతమయ్యె నా కథ, భక్తి మూట*
*చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె*

నిర్వాహకుడు:
కుచేలుడనే పేరులోనే చినిగిన చేలం (బట్ట) ఉంది, దాన్ని పటంతో పట్టుకోవడం గొప్పగా ఉంది. కానీ విషయం పాటగాళ్లు కదా.

తాటాకు:
పేరొచ్చిన స్నేహితుడు పాత స్నేహితుణ్ణి చూసి మంచం దిగి ఎదురొచ్చిన కథ మనకి ఇదొక్కటే గుర్తుంటుంది. పక్కన అదుంటేనే పైవాళ్ల కథల్లో ఏం తక్కువైందో తెలుస్తుంది. అందుకే రాశాను.

గణవిభజన:
నియమం ప్రకారం పోటీలో నిలవదు. ఛందస్సులో తప్పు లేదు. 'భక్తి మూట' చివరి పాదంలోకి వెళ్లి అతుక్కున్న తీరు ఈ వారం అన్నిటికన్నా హాయిగా ఉంది.

మద్దెలదరువు:
నేను ఎప్పుడూ చదివి ఊరుకుంటాను. ఈ విషయం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా ఊళ్లో ఆర్కెస్ట్రా ఉండేది. నేను ఢోలక్, మావాడు పాట. శ్రీరామనవమి పందిళ్లు, పెళ్లిళ్లు. ఉన్నది ఒకటే మైకు. కోరస్ వస్తే ఢోలక్ ఒళ్లో పెట్టుకునే మెడ చాచేవాణ్ణి, వాడు పక్కకి ఒదిగేవాడు. తర్వాత వాడు టీవీకి వెళ్లాడు, పేరొచ్చింది. పదేళ్ల తర్వాత ఒక కల్యాణ మండపంలో ఎదురుపడితే "బాగున్నారా అండి" అన్నాడు. ఒకప్పుడు "ఒరేయ్" తప్ప వాడి నోట ఇంకో పిలుపు ఎరగను. డబ్బు అడగడానికి వెళ్లలేదు నేను. ఆ 'అండి' ఇప్పటికీ చెవిలోంచి పోదు.

వాడి ప్రోగ్రాముల్లో వెనక తెర మీద మా తొలి పోస్టర్ బొమ్మ వేస్తారు, 'ఇక్కణ్ణుంచి వచ్చాం' అని. అందులో కింద కుడిమూల చిరిగిపోయి ఉంటుంది. 'ఢోలక్' అని నా పేరు ఉండేది ఆ మూలలోనే.

*ఒక్క మైకున కిద్దర మొదిగి నిలిచి*
*పంచుకొన్నట్టి టీ చుక్క పాత మాట;*
*పేరు వచ్చినఁ బోయె నా పేరు, గోడఁ*
*చిరిగిన పటమ్ము పాటకు సిరిని దెచ్చె*

మువ్వలసవ్వడి:
'పేరు వచ్చినఁ బోయె నా పేరు.' అన్నయ్యా, ఈ వారం ఇదే.

గోదారిగట్టు:
నా తాళం కన్నా ఈ పేరు గొప్పది. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఒక మాట చెప్పనా? 2008లో పీట్ బెస్ట్ బృందం ఒక ఆల్బమ్ తెచ్చింది. పేరు 'హేమన్స్ గ్రీన్', వాళ్లమ్మ క్లబ్బు ఉన్న వీధి. దాని అట్ట మీద ఏముందో తెలుసా? 1995 అట్టలో చిరిగిపోయిన ఆ ముక్కే, ఆయన మొహంతో. మీ మూల కూడా ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి.

గణవిభజన:
పద్యం నిలుస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు, నొచ్చుకోకండి. 'గోడఁ' అని ద్రుతం (ఆ అరసున్న) పెట్టాక 'చిరిగిన' కాస్తా 'జిరిగిన' కావాలి, అప్పుడు సమస్యే మారిపోతుంది. 'నేఁడు' అనండి, ఏ ఇబ్బందీ ఉండదు.

మద్దెలదరువు:
అలాగే గురువుగారూ, 'నేఁడు' అనే మార్చుకుంటున్నాను. గోడ పోతే పోయింది. నిజం గోడ కూడా రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. గోదారిగట్టు గారూ, మూల ముక్క ఎక్కడికీ పోలేదు. పోస్టర్ చినిగిన రోజే ఊడబెరికి తెచ్చుకున్నాను, ట్రంకుపెట్టెలో ఉంది. పొద్దున్నే తీసి చూశాను. 'ఢోలక్' చెరిగిపోయింది, పేరు మాత్రం చదవడానికి వస్తోంది.